కూల్చివేతకు ముందు 15 దినములు

నేరారోపణమునకు గురియైనాడన్న కారణముననే యొకని గృహమును నేలమట్టము చేయుట చట్టవిరుద్ధమని 2024 నవంబరు 13న న్యాయమూర్తులు బి.ఆర్. గవాయి, కె.వి. విశ్వనాథన్‌గార్లతో కూడిన సుప్రీంకోర్టు ధర్మాసనము వెలువరించిన తీర్పు, పురపాలక సంఘముల పక్షమున వాదించు స్టాండింగ్ కౌన్సిళ్ల బాధ్యతను మిక్కిలి పెంచినది. సంజాయిషీ నోటీసు అందిన పిదప 15 దినములు, లేక స్థానిక చట్టము విధించిన గడువు, వానిలో ఏది అధికమో అది, గడువవలెను. నోటీసును రిజిస్టర్డు తపాలాలో పంపి, కట్టడముపై అంటించి, కలెక్టరుకు ఈమెయిలు ద్వారా తెలుపవలెను. యజమాని వాదమును విని, కారణములతో ఉత్తర్వు వ్రాసిన పిమ్మట మరి 15 దినములు ఆగవలెను. కలెక్టరుకు పంపిన ఈమెయిలు వలన వెనుకటి తేదీ వేసిన నోటీసులు ఇక చెల్లుట కష్టము. ఉల్లంఘించిన అధికారి స్వంత ధనముతో నష్టమును పూరింపవలసియుండును. రహదారులు, నదులు, జలాశయములపై ఆక్రమణలకు ఈ రక్షణ వర్తింపదు గనుక, హైదరాబాదు చెరువుల వివాదములలో ఆ స్థలము జలాశయభాగమేనని ముందుగ నిరూపించుటయే ప్రభుత్వ న్యాయవాదికి అసలు పని.