పీలే కాలు పెట్టిన వేళ

కొత్తకోడలు కాలు పెట్టిన వేళావిశేషమంటూ పాడి పెరిగినా, మామగారికి ప్రమోషను వచ్చినా ఆ పిల్ల ఖాతాలోనే వేయటం మన ఇళ్ళలో వాడుక. 1975 జూన్‌లో న్యూయార్కులో యించుమించు అటువంటి ముచ్చటే జరిగింది. కాలు పెట్టినవాడు బ్రెజిల్ దేశపు ఫుట్‌బాల్ వీరుడు పీలే. ఆయనకప్పుడు 34 ఏళ్ళు.

ఫుట్‌బాలులో అది పింఛను పుచ్చుకోవలసిన వయసు. 1958, 1962, 1970లలో ప్రపంచ కప్పు గెలిచిన జట్లలో వున్న పీలే, 1974లో స్వదేశంలో సాంటోస్ జట్టుకు నమస్కారం పెట్టి విశ్రాంతి తీసుకున్నవాడే. న్యూయార్క్ ‘కాస్మోస్’ జట్టువారు ఏళ్ళ తరబడి వెంటపడి, లక్షల డాలర్లు యిస్తామని ఒప్పించి, ఆయనను మళ్ళీ మైదానంలోకి దింపారు.

అమెరికావారికి ఫుట్‌బాల్ అంటే వేరే ఆట. అందులో కాళ్ళకంటె చేతులకే పని యెక్కువ. మనమెరిగిన ఫుట్‌బాలును వాళ్ళు ‘సాకర్’ అంటారు. ఐరోపానుంచి వలస వచ్చినవాళ్ళు సెలవురోజున ఆడుకునే ఆటగానే అది చాలామందికి తోచేది. కాస్మోస్ ఆటకు మూణ్ణాలుగు వేలమంది వస్తే అదే గొప్ప. జూన్ 15న పీలే మొదటి ఆట. మైదానంలో పచ్చిక సరిగా లేక మట్టి బయటపడుతూంటే, టెలివిజన్‌లో బాగుండదని దానికి ఆకుపచ్చ రంగు కొట్టారట! పెళ్ళివారు వస్తున్నారని గోడలకు సున్నం వేయించినట్టు. ఆట అయ్యాక పాదాలకంటిన పచ్చదనం చూసి, ఏదో చర్మవ్యాధి పట్టుకున్నదని పీలే హడలిపోయాడని చెప్పుకుంటారు. ఆ రోజు ఆట 2–2తో సమానంగా ముగిసింది. అందులో ఒక గోలు ఆయనదే.

ఆ వెనుక అంతా జాతర. జర్మనీనుంచి బెకెన్‌బావర్, బ్రెజిల్‌నుంచి కార్లోస్ ఆల్బెర్టో వచ్చి చేరారు. 1977 ఆగస్టు 14న ఒక ఆటకు 77,691 మంది వచ్చారు. మరుసటి యేటికి లీగులో జట్లు 24 అయినాయి. కాస్మోస్‌ను చూసి తక్కిన జట్లూ పేరున్న పరదేశీయులకోసం డబ్బు వెదజల్లాయి. పెద్దింటి పెళ్ళి చూసి అప్పుచేసి పందిరి వేసినవాళ్ళ గతి మనకు కొత్త కాదు. జట్లు ఒకటొకటిగా మూతపడ్డాయి. 1984తో లీగే ఆగిపోయింది.

అయితే పీలే రాక వృథా అనటానికి నాకు మనసొప్పదు. ఆయన ఆట చూసిన పిల్లలు బంతి వదలలేదు. బడులలో, పార్కులలో ఆట పెరిగింది. ఆడపిల్లల సంగతి మరీ విశేషం. విద్యాలయాలలో ఆడ, మగ తేడా చూపరాదన్న 1972 నాటి చట్టం వాళ్ళకు మైదానం తలుపులు తెరిచింది. 1991లో మొట్టమొదటి మహిళల ప్రపంచ కప్పు అమెరికా అమ్మాయిలే గెలిచారు. ఆ ఖ్యాతి పీలేకంటె ఆ చట్టానికే యెక్కువ చెల్లుతుందని నా అభిప్రాయం.

1994లో పురుషుల ప్రపంచ కప్పు పోటీలు అమెరికాలో జరిగాయి. 1996లో కొత్త లీగు మొదలయింది. ఈసారి నిర్వాహకులు ముందే జీతాలకు హద్దులు గీసుకున్నారు. 2007లో ఇంగ్లండు ఆటగాడు బెకామ్ వచ్చినప్పుడు మాత్రం, పేరున్నవారికోసం ఆ హద్దుకు మినహాయింపు పెట్టారు. 2023లో మెస్సీ మయామీ చేరేటప్పటికి ఆయనకు 36 ఏళ్ళు. ఆ జట్టు యజమానులలో ఒకడు ఆ బెకామే!

ఇక, ఆట అప్పటికే వేళ్ళూనిన చోటికి యీ వీరులు వస్తే ఎట్లా వుంటుందో కలకత్తావారికి తెలుసు. 1977 సెప్టెంబరు 24న, ఆటనుంచి శాశ్వతంగా తప్పుకోవటానికి వారం ముందు, పీలే కాస్మోస్ జట్టుతో ఈడెన్ గార్డెన్స్‌లో ఆడాడు. అక్కడ ఫుట్‌బాలంటే ఏమిటో ఎవరికీ చెప్పనక్కరలేదు; గడ్డికి రంగు వేయనూ అక్కరలేదు. వానకు నేల చిత్తడిగా వున్నా మోహన్ బగాన్ ఆటగాళ్ళు జంకలేదు. ఫలితం మళ్ళీ 2–2. మోహన్ బగాన్ పక్షాన గోలు కొట్టిన యిద్దరిలో ఒకడు శ్యామ్ థాపా, రెండవవాడు మన హైదరాబాదు మహమ్మద్ హబీబ్.