బి గ్రూపైతే బెంగ పడాలా?

డ్రైవింగ్ లైసెన్సు మీద, ఆఫీసు గుర్తింపుకార్డు వెనక, పిల్లల స్కూలు డైరీ మొదటి పేజీలో... బ్లడ్‌గ్రూపు అడగని చోటు లేదు. ఆ ఒక్క అక్షరం అండాశయ క్యాన్సర్ వస్తుందో రాదో కూడా చెబుతుందా? 'బి గ్రూపు మహిళలకు 38 శాతం ఎక్కువ ముప్పు' అన్న మాట వింటే మన ఇళ్లలో చాలామంది ఉలిక్కిపడాలి. మనదేశంలో ఓ తర్వాతో, దానితో సమానంగానో ఎక్కువమందిలో కనిపించేది బి గ్రూపే మరి!

ఇంతకీ ఆ లెక్క ఎక్కడిదంటే... అమెరికాలో 1976లో నర్సుల ఆరోగ్యంమీద ఓ పెద్ద అధ్యయనం మొదలైంది. వాళ్లు ఏళ్ల తరబడి తమ అలవాట్లు, జబ్బుల వివరాలు రాసి పంపుతూ వచ్చారు. ఆ వివరాలతో 2011లో అచ్చయిన ఓ పరిశోధనలో, ఓ గ్రూపు వారితో పోలిస్తే బి, ఏబీ గ్రూపుల వారికి ఈ క్యాన్సర్ 38 శాతం ఎక్కువగా వచ్చినట్లు కనిపించింది. అయితే జబ్బు వచ్చినవాళ్లు కొన్ని వందలమందే. అందుకే ఆ తేడా యాదృచ్ఛికం కావచ్చన్న అనుమానమూ మిగిలింది.

మరుసటి ఏడాది, అనేక అధ్యయనాల్లోని వేలమంది రోగుల జన్యువులను కలిపి చూశారు మరికొందరు. ఈసారి బి గ్రూపు నిర్దోషిగా తేలింది. వేలు ఏ గ్రూపు వైపు తిరిగింది, అదీ కేవలం 9 శాతం! పైగా వాళ్లంతా ఐరోపా మూలాలున్న మహిళలు.

అసలు గ్రూపుకీ క్యాన్సర్‌కీ లంకె ఎందుకుండాలి? 1901లో కార్ల్ లాండ్‌స్టీనర్ రక్తాన్ని గ్రూపులుగా విడదీశాడు. ఆ గ్రూపుల్ని నిర్ణయించే చక్కెర అణువులు ఎర్ర రక్తకణాలమీదే కాదు, శరీరంలోని చాలా అవయవాల పైపొర కణాలమీదా ఉంటాయి. ఏ గ్రూపు వారికి జీర్ణాశయ క్యాన్సర్ కాస్త ఎక్కువని 1953లోనే బ్రిటన్ వైద్యులు గమనించారు. కాబట్టి అనుమానం వింతదేమీ కాదు.

ఇక శాతాల సంగతి. పాశ్చాత్య దేశాల్లో వెయ్యిమంది మహిళల్లో సుమారు 13 మందికి జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వస్తుంది. 38 శాతం పెరిగితే ఆ 13 కాస్తా 18 అవుతుంది. 9 శాతమైతే 14. మిగిలిన తొమ్మిదివందల ఎనభై పైచిలుకు మందికి ఏమీ కాదు. 'వెయ్యికి అయిదుగురు' అంటే ఎవరూ తలెత్తి చూడరు, '38 శాతం' అంటే నిద్రపట్టదు!

నిజంగా నిద్ర లేవాల్సిన విషయం వేరే ఉంది. హాలీవుడ్ నటి ఏంజెలీనా జోలీ తల్లి 2007లో ఈ జబ్బుతోనే చనిపోయారు. తనలోనూ బీఆర్‌సీఏ1 జన్యులోపం ఉందని తెలిసి, జోలీ 2015లో అండాశయాలు తీయించుకున్నారు. ఆ లోపమున్న ప్రతి వెయ్యిమందిలో దాదాపు నాలుగువందలమందికి ముప్పు పొంచి ఉంటుంది. ఆమె బ్లడ్‌గ్రూపేమిటో ఎవరూ అడగలేదు. అది తండ్రినుంచి కూడా వస్తుంది. డాక్టరు అడిగితే మనవాళ్లు అమ్మ, అమ్మమ్మ, పిన్ని వరకూ చెప్పి ఆగిపోతారు. మేనత్తకో నాయనమ్మకో రొమ్ము, అండాశయ క్యాన్సర్ వచ్చిందన్న మాట బయటకు రాదు. చెప్పాల్సింది అదీనూ.

మరి ముందే పరీక్ష చేయించుకుంటే? గర్భాశయ ముఖద్వారానికి చేసే పాప్‌స్మియర్ అండాశయ క్యాన్సర్‌ను పట్టుకోలేదు. బ్రిటన్‌లో రెండు లక్షలమంది మహిళలకు సీఏ-125 రక్తపరీక్ష, స్కానింగ్‌లతో చేసిన ప్రయోగం ఫలితాలు 2021లో వచ్చాయి. ఏ బాధా లేనివారికి ఏటా పరీక్షలు చేసినా మరణాలు తగ్గలేదు. బాధ మొదలయ్యాక మాత్రం ఆ రెండు పరీక్షలే దారి చూపిస్తాయి. ఆ బాధేమో... పొట్ట ఉబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, పొత్తికడుపులో నొప్పి, మాటిమాటికీ మూత్రం. ఇల్లాలు దీన్ని 'గ్యాస్' అంటుంది, వాము నీళ్లు తాగుతుంది, మందుల షాపులో రెండు మాత్రలు తెప్పించుకుంటుంది. నిజంగా గ్యాసే కావచ్చు కూడా. కానీ యాభై దాటాక కొత్తగా మొదలై, రెండు మూడు వారాలు దాదాపు రోజూ వేధిస్తుంటే వాము డబ్బా పక్కనపెట్టి గైనకాలజిస్టు దగ్గరకు వెళ్లాలి, ఏ గ్రూపు వారైనా సరే.