నోరు చెప్పలేని నొప్పి

మన పల్లెలలో ముసలివారు చెప్పినదే మఱల మఱల చెప్పినచో చాదస్తమందుము. లేవుమన్న లేవక, స్నానమునకు రమ్మన్న రాక, పట్టుకొన్న చేతిని విదలించి కొట్టినచో మొండితనమందుము. ఇట్లు పేరు పెట్టుట సులభమే కాని, ఆ ముసలివారిని రేయింబవళ్లు కనిపెట్టుకొనియుండు భార్యకు గాని భర్తకు గాని దానివలన నించుకయు సాయము కలుగదు. మఱపుజబ్బునకు కాళ్లనొప్పి తోడైనవారి పరిచర్యను గుఱించి, మన విద్యార్థులకును వారి తలిదండ్రులకును ఉపయోగపడునట్లు కొన్ని సంగతులను ఇచట వివరింప దలచితిమి.

మొదట నొక యింటిని ఊహించుకొందము. అది సోమల దగ్గఱి యొక పల్లెలోనిది. తాతకు 75 ఏండ్లు. జీవితమంతయు చేను దున్ని, టమాటా గంపలు మోసి, పశువులను సాకిన మనిషి. మోకాళ్లు అరిగినవి. మూడేండ్లుగా మఱపు ముదిరినది. అవ్వకు 70 ఏండ్లు. బిడ్డలు బెంగుళూరిలో పనులు చేసికొనుచున్నారు. ప్రతిదిన ముదయమున అవ్వ మంచము దగ్గఱకు వచ్చి, "లేవయ్యా, మొగము కడుగుకొందువు" అని చేయి పట్టి లేపును. తాత కేక పెట్టును. "ఎవరే నీవు? నన్ను చంప వచ్చితివా?" అనును. ఒకనాడు కొట్టెను గూడ. అదే తాత మధ్యాహ్నమున అరుగుమీద కూర్చున్నపుడు మిక్కిలి శాంతముగా నుండి, ఆమె పెట్టిన సంగటి తిని, ఆమెను చూచి నవ్వును. ఇరుగుపొరుగువారు "జబ్బు తలకెక్కినది, నిదురమాత్రలు వేయింపుము" అందురు. అవ్వ రాత్రివేళ ఒంటరిగా కూర్చుండి, ఇన్నేండ్ల కాపురమునకు ఫలమిదియా యని కన్నీరు పెట్టుకొనును.

ఉదయపు కోపమునకును మధ్యాహ్నపు శాంతమునకును గల భేదమును ఆ యింట నెవ్వరును ఆలోచింపలేదు. ఈ వ్యాసమున మేము చెప్పదలచిన ముఖ్యవిషయ మా భేదములోనే యున్నది.

మఱపుజబ్బును వైద్యులు డిమెన్షియా యందురు. అది ముసలితనమునకు తప్పని గుణము కాదు. మెదడునకు కలుగు పెక్కు వ్యాధుల ఫలము. వానిలో హెచ్చుగా కానవచ్చునది ఆల్జైమరు వ్యాధి. జర్మను వైద్యుడగు ఆలోయిస్ ఆల్జైమరు తాను చూచిన యొక స్త్రీ మెదడును ఆమె మరణానంతరము పరీక్షించి, అందు కనిపించిన మార్పులను 1906లో వైద్యుల సభయందు వివరించెను. మెదడులోని రక్తనాళములు చెడుటవలన కలుగు మఱపు మఱియొక విధము. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో నూటికి 7.4 మంది, అనగా ఇంచుమించు 88 లక్షల మంది, ఇట్టి స్థితిలో నున్నారని 2023లో ప్రకటితమైన దేశవ్యాప్త పరిశోధన తెలుపుచున్నది. కావున నిది ఏ యొక్క యింటి పాపఫలమును కాదు, సిగ్గుపడి దాచవలసినదియు కాదు. థైరాయిడు లోపము, బి12 విటమిను కొఱత, తీవ్రమైన మనోవ్యాకులత మొదలగునవి కూడ మఱపును కలిగింపవచ్చును. ఇవి చికిత్సకు లొంగునవి. అందుచే వైద్యపరీక్ష చేయింపకముందే మనమే యొక నిర్ణయమునకు రారాదు.

ఇక నొప్పి సంగతి. మోకాటికీలులో ఎముకల చివరలను నున్నని మృదులాస్థి కప్పియుండును. అది యరిగినపుడు కదలిక నొప్పి కలిగించును. రాత్రియంతయు కదలక పరుండినచో తెల్లవాఱునప్పటికి కీలు బిగిసికొనును. మనకు నొప్పి కలిగినచో ఏమి చేయుదుము? అది యెక్కడ నున్నదో గుర్తింతుము, దేనివలన హెచ్చినదో జ్ఞాపకము చేసికొందుము, మాటలతో చెప్పుదుము, ఒకరి సాయము కోరుదుము. ఈ నాలుగు పనులకును మెదడు చక్కగా పనిచేయవలెను. మఱపుజబ్బు ఈ నాలుగింటిని చెఱచును గాని నొప్పిని మాత్రము తీసివేయదు. తాత అరుగుమీద కూర్చున్నపుడు "నొప్పిగా నున్నదా?" యని యడిగినచో "లేదు" అనును. ఆ మాట యబద్ధము కాదు. కూర్చున్నపుడు నొప్పి లేదు; ఉదయము కలిగిన నొప్పి జ్ఞప్తిలో లేదు. లేపునపుడు హఠాత్తుగా మోకాలు పోటెత్తును. కారణము తెలియదు. ఎదుటనున్న మనిషియే తన్ను బాధించుచున్నదని తలచి చేయి విసరును. ఆ దెబ్బ నొప్పిమీద విసరినది; అవ్వ యడ్డముగా నుండుటచే ఆమెకు తగిలినది.

మాటలతో చెప్పలేనివారి నొప్పిని గుర్తించుటకు 2003లో అమెరికాలోని పరిశోధకులు కొందఱు ఒక సులభమైన కొలతను ప్రకటించిరి. అందు గమనింపవలసిన సంగతు లైదు: ఊపిరి తీయు తీరు, మూలుగు లేక అఱపు, ముఖము చిట్లించుట, శరీరము బిగబట్టుట లేక ఎదుటివారిని త్రోయుట, ఓదార్చినపుడు నెమ్మదించుట లేక నెమ్మదింపకుండుట. ఒక్కొక్కదానికి 0 మొదలు 2 వఱకు మార్కులు వేయుదురు, మొత్తము 10. మార్కులనగా నేమో మన విద్యార్థులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. ఈ పరీక్షలో మాత్రము మార్కులు తగ్గినకొలది సంతోషింపవలెను. ఇంటిలో నొక చిన్న పుస్తక ముంచి, ముసలివారు ఊరక కూర్చున్నపుడొకమాఱును, లేపి నడిపించునపుడొకమాఱును చూచి వ్రాసినచో, ఒక వారమునకే విషయము తేటపడును. ఆ పుస్తకమును చూపినచో వైద్యునకును సగము శ్రమ తీఱును.

ఈ మాట కేవల మూహ కాదనుటకు ఒక దృష్టాంతము. మఱపుజబ్బు గలిగి, కోపమును కలవరమును చూపుచున్న 352 మంది వృద్ధులను గుఱించి పశ్చిమ నార్వేలోని 18 ఆశ్రమములలో జరిగిన పరిశోధన 2011లో ప్రకటింపబడెను. వారిలో కొందఱికి మామూలు పరిచర్య మాత్రమే జరిగెను. తక్కినవారికి 8 వారములు క్రమపద్ధతిని నొప్పికి మందు లిచ్చిరి. వీరిలో చాలమందికి ఇచ్చినది మన మెఱిగిన పారాసిటమాలే. నొప్పికి చికిత్స పొందినవారిలో కలవరము సుమారు నూటికి 17 వంతులు తగ్గెను. మతి చెడినందువలననే కలిగినదనుకొన్న కోపములో కొంత భాగము నొప్పివలన పుట్టినదని దీనివలన తేలినది.

అట్లని మనకు తోచిన మాత్రలను అంగడిలో కొనిపెట్టరాదు. ఘాటైన నొప్పిమాత్రలు ముసలివారి కడుపునకును మూత్రపిండములకును హాని చేయును. నిదురమాత్రలవలన తూలి పడుదురు. మనోవ్యాధులకిచ్చు కొన్ని బలమైన మందులు మఱపుజబ్బు గల వృద్ధులలో మరణములను హెచ్చించుచున్నవని అమెరికా ప్రభుత్వపు ఔషధశాఖ 2005లో హెచ్చరించినది. ఏ మందు, ఎంత, ఏ వేళకు అనునది వైద్యుడే చెప్పవలెను. ఉదయము లేపుటకు కొంత ముందుగా మందు వేయవచ్చునా యని ఆయన నడిగి తెలిసికొనుట మంచిది. మఱియొక సంగతి ముఖ్యముగా గుర్తుంచుకొనవలెను. నిన్నటివఱకు ఒక తీరుగా నున్న మనిషి ఒకటి రెండు దినములలోనే మిక్కిలి కలవరపడినను, మగతగా పడియుండినను, అది మఱపుజబ్బు ముదురుట యనుకొనరాదు. మూత్రమున చీము, జ్వరము, మలబద్ధకము, నీరు చాలకుండుట, క్రొత్తమందు మొదలగు కారణము లుండును. వెంటనే ఆసుపత్రికి తీసికొనిపోవలెను.

లేపుటయు నొక విద్యయే. పల్లపు నులకమంచమునుండి లేచుట పడుచువారికే కష్టము. మోకాళ్లు చెడినవారికి శిక్ష. పీట గాని కుర్చీ గాని మోకాటి యెత్తునకు తగ్గక యుండవలెను. చేతులు, చంకలు పట్టి లాగరాదు. భుజముల కీళ్లు తొలగును. మొదట ఎదుట నిలిచి, మొగము కనబడునట్లు వంగి, చేయబోవు పనిని ఒక చిన్న మాటలో చెప్పవలెను. పరుండియుండగనే కాళ్లను మెల్లగా నాలుగైదు మాఱులు ముడిచి చాపింపవలెను. తరువాత ఆసనపు అంచునకు జరిపి, పాదములను నేలకు ఆనించి వెనుకకు తీయించి, తలను ముందుకు వంచునట్లు చేసి, చేతులతో కుర్చీని నొక్కుకొని తానే లేచునట్లు చేయవలెను. మనము ప్రక్కన నిలిచి, నడుమునకు చుట్టిన గట్టి తువ్వాలును పట్టుకొనిన చాలును. మన నడుము వంపక మోకాళ్లను వంచవలెను. మెడను కౌగిలించుకొననీయరాదు, ఇద్దఱును పడుదురు.

క్రింద కూర్చుండు మరుగుదొడ్డి అరిగిన మోకాళ్లకు పగ. ఎత్తైన పీఠమో, నడుమ రంధ్రముగల కుర్చీయో అమర్చవలెను. గడపయంచు కనబడునట్లు తెల్లని రంగు పూయవచ్చును. రాత్రి చిన్న దీపము వెలుగుచుండవలెను. మంచము విడువలేని స్థితి వచ్చినచో ఇంచుమించు రెండు గంటల కొకమాఱు ప్రక్క మార్చి, మడమలను, పిఱుదులను చూచుచుండనిచో పుండ్లు పడును. అన్నము పెట్టునపుడు నిటారుగా కూర్చుండబెట్టి, సంగటిని మెత్తగా జారు చేసి, చిన్న ముద్దలుగా పెట్టవలెను. దిగ్గున మింగలేక పొలమాఱినచో ఆహారము ఊపిరితిత్తులలోనికి పోవును. పడినవారిని వెంటనే లాగి లేపరాదు. ఒక కాలు పొట్టియై బయటికి తిరిగియున్నచో తుంటియెముక విఱిగియుండవచ్చును.

మాటలాడుటయందును నేర్పు కావలెను. మన ప్రాంతమున తెలుగు, తమిళము, కన్నడము, ఉర్దూ కలిసియున్నవి. రెండు భాషలు మాటలాడువారికి మఱపుజబ్బు సగటున నాలుగున్నర యేండ్లు ఆలస్యముగా కనబడినదని హైదరాబాదులోని నిజాము వైద్యవిజ్ఞాన సంస్థలో డాక్టరు సువర్ణ అల్లాడిగారు మొదలగువారు 648 మంది రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిరి. చదువురానివారిలోను ఈ భేదము కనబడెను. అయినను జబ్బు వచ్చి ముదిరిన పిమ్మట, వెనుక నేర్చిన భాష ముందుగా జారిపోవుట కలదు. కావున చిన్ననాటి యింటి భాషలోనే పలుకరింపవలెను. ఒకమాఱు ఒక్క మాటయే చెప్పవలెను. ఏనాడో చనిపోయిన తల్లి యేదని యడిగినచో, చనిపోయినదని వాదించి మఱల దుఃఖపెట్టక, "మీ యమ్మ ఏమి వండి పెట్టెడిది?" యని యడిగినచో మనసు కుదుటపడును. మాటలు పోయినవారికిని చిన్ననాడు పాడిన కీర్తనలు, పద్యములు నాలుకకు వచ్చుట పెక్కుమంది చూచినదే.

ఇంతవఱకు రోగిని గుఱించి వ్రాసితిమి. పరిచర్య చేయు మనిషిని మఱచినచో ఈ వ్యాసము సగమే యగును. అవ్వకును మోకాళ్లున్నవి, నడుమున్నది, నిదుర కావలెను. ఆమెకు కోపము వచ్చును. కోపము వచ్చినందుకు తనపై తనకే రోత పుట్టును. పెండ్లినాటి ప్రమాణమును తానొక్కతెయే మోయవలెనని యామె తలంచును. అట్లు మోయుమని యే ధర్మమును చెప్పలేదు. బెంగుళూరి బిడ్డలు నెలకు రూకలు పంపుటతోనే తృప్తి పడక, వంతులవారీగా వచ్చి కొన్ని దినములుండవలెను. తలిదండ్రుల పోషణ బిడ్డల విధియని 2007 నాటి చట్టము గూడ చెప్పుచున్నది. ఇరుగుపొరుగువారును సంఘస్థులును వారమున కొక మధ్యాహ్నము తాత దగ్గఱ కూర్చున్నచో అవ్వ నిద్రించును, గుడికో ప్రార్థనకో పోయివచ్చును. వృద్ధుల సాయమునకై 14567, మనోవ్యథలకై 14416 అను టెలిఫోను సంఖ్యలు గలవు. మఱపుజబ్బు గలవారి కుటుంబములకు తోడ్పడుటకై 1992లో కేరళదేశమున ఆరంభమైన ఆల్జైమర్స్ సంఘమునకు పెక్కు నగరములలో శాఖలున్నవి.

"మందులేని జబ్బునకు ఇంత పాటెందుకు?" అని కొంద ఱడుగుదురు. దానికి ఉత్తరము మన సమీపముననే యున్నది. మదనపల్లె దగ్గఱి ఆరోగ్యవరమున 1912లో పెక్కు మిషనులు కలిసి క్షయరోగులకు శానటోరియమును స్థాపించినవి. డెన్మార్కు దేశీయుడగు డాక్టరు ఫ్రిమోట్ మొల్లరుగారు దానిని పెంపొందించిరి. క్షయక్రిములను చంపు స్ట్రెప్టోమైసిను 1943లో గాని కనుగొనబడలేదు. అంతకుముందు ముప్పదియేండ్లు అచటివారు మందు లేదని తలుపులు మూయలేదు. విశ్రాంతి, మంచిగాలి, పుష్టియైన ఆహారము, ఓర్పుగల పరిచర్య, వీనితోనే రోగులను కాపాడ యత్నించిరి. మఱపుజబ్బును మాన్పు మందు నేటికిని లేదు. మోకాటినొప్పిని తగ్గించు ఉపాయము లున్నవి. భయమును పోగొట్టు మాటలున్నవి. ఉన్నదానిని వాడకుండుటకు లేనిది సాకు కారాదు.

విద్యార్థులారా, సెలవులలో మీరు ఇండ్లకు పోవుదురు. అట్టి తాతగాని అవ్వగాని మీ యింటనో ప్రక్కయింటనో ఉందురు. ఐదు సంగతులు చూచి పుస్తకమున వ్రాయుట, కీర్తన పాడుట, ఒక మధ్యాహ్నము దగ్గఱ కూర్చుండుట మీకు శక్యమైన పనులే. మీరు వ్రాసిన పుస్తకమును చూచి వైద్యుడు తగిన మందు నిచ్చి, ఒక యుదయమున ఆ తాత కేక పెట్టక లేచినచో, అవ్వ చేతిని పట్టుకొని అరుగువఱకు నడచినచో, ఆ యేటి మీ చదువు వ్యర్థము కాలేదని మేము తలంచెదము.