చెఱువు చేపలు – వాని ఋతువులు

సెలవుదినములలో మన బాలురు గాలములతో చెఱువుగట్లు జేరుట జూచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

మన శాంతిపురమునకు సముద్రము దూరము. నందికొండలలో బుట్టిన పాలాఱు ఈ సీమగుండ సాగి తమిళదేశమున బంగాళాఖాతమును జేరుచున్నను, ఏడాదిలో పెక్కుదినము లందు ఇసుకయే కనబడును. కావున చేపలు పట్టువారికి చెఱువే సముద్రము. చెఱువు చేపలలో వెలగలది కొఱ్ఱమీను.

ఈ చేప గాలి పీల్చుటకై మాటిమాటికి నీటిపైకి వచ్చును. చెఱువు నిండియున్న శీతకాలమున జాలరి ఆ కదలికను గనిపెట్టి, గాలమునకు చిఱుకప్పను గ్రుచ్చి అచ్చట వేయును. వేసవిలో నీరు మోకాలిబంటి కాగానే, అడుగులేని వెదురుబుట్టయగు ఊతను బురదలో నదిమి, పైకంతనుండి చేయి చొనిపి చేపను బట్టుదురు.

వానకాలమున మాత్రము చేయి నిలుపవలెను. అప్పుడు కొఱ్ఱమీను నాచునడుమ గుడ్లు పెట్టును. ఎఱ్ఱని పిల్లలు గుంపుగా దేలుచుండ, క్రింద తల్లిదండ్రులు కావలి కాయును. ఆ యెఱుపును జూచి కావలిచేపను బట్టుట మిగుల సులభము. కాని కావలి పోయిన పిల్లలను ఇతర మత్స్యములు మ్రింగును. ఒకపూట కూరకై మఱుసటి యేటి పంట నశించును.

నీట విషము కలుపుటను, మందుగుండు ప్రేల్చుటను 1897వ సంవత్సరపు మత్స్యచట్టము నిషేధించెను. కావలిచేపకు మన మనస్సాక్షియే చట్టము. పిల్లలతోనున్న తల్లిపక్షిని పట్టరాదని ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము బోధించుచున్నది. ఆ ధర్మము చేపకును జెల్లునని మే మెంచుచున్నాము. విద్యార్థులారా, ఎఱ్ఱని గుంపు కనబడినచో గాలము చుట్టి యింటికి రండు.