ఎముకలోని చీము, సిపాయి పింఛను

మా పాతబస్తీలోని బార్కస్ పేట పేరు నిజాము కొలువున నుండిన అరబ్బు సిపాయిల బారకాసులనుండి పుట్టినది. ఆ పేటకు సమీపముననున్న ఉప్పుగూడనుండి మొన్నటి వేసవిలో నా పూర్వశిష్యుడొకడు కుంటుచు మా యింటికి వచ్చెను. పదునెనిమిదేండ్లు సైన్యమున పనిచేసి హవల్దారుగా విరమించినవాడు. ఒక ఇంగ్లీషు జాబును నా చేతికిచ్చి, "అయ్యవారూ, నా కాలికి పింఛను రాదన్నారు. ఎందుకు రాదో తమరు చదివి చెప్పండి" అనెను.

అతని కథ యిది. కొండదారిలో సైనికపు లారీ బోల్తాపడి, మోకాటి క్రింది యెముక విరిగి, చర్మమును చీల్చుకొని వెలికివచ్చినది. సైనికాసుపత్రిలో ఉక్కుకమ్మి వేసి అతికించిరి. పుండు మానినది, అతడు మరల పనిలో చేరెను. అయిదేండ్ల పిమ్మట, సెలవుపై ఇంటనున్నప్పుడు, అదే చోట వాచి చీము కారినది. విరమణవేళ వైద్యమండలివారు వ్యాధి పేరు సరిగానే వ్రాసిరి గాని, అది సెలవులో పుట్టినది గావున సేవవలన కలిగినది కాదు, సేవవలన పెరిగినదియు కాదు అని తేల్చిరి. సేవాపింఛను వచ్చుచున్నది, వైకల్యమునకు చెందిన భాగము మాత్రము లేదు.

ఈ వ్యాధిని డాక్టర్లు ఆస్టియోమైలైటిస్ అందురు. ఎముక బయటపడినప్పుడు మట్టితోపాటు సూక్ష్మజీవులు లోనికి పోవును. వానిలో స్టెఫిలోకాకస్ ఆరియస్ అనునది ముఖ్యమైనది. విరిగినచోట కొంత యెముకకు నెత్తురు అందక ఆ ముక్క చచ్చిపోవును. మందు నెత్తురు వెంబడి పోవునది గదా, నెత్తురు చేరని ముక్కలోనికి మందును చేరదు. ఉక్కుకమ్మిపైకూడ ఆ జీవులు పొరగట్టి దాగియుండగలవు. పైచర్మము నున్నగా మాని, ఏండ్లు, ఒక్కొక్కప్పుడు దశాబ్దములు గడచినపిదప అవి మరల రేగును. సుశ్రుతుడు నిదానస్థానమున విద్రధులను వర్ణించుచు, మజ్జలో పుట్టిన చీము మాంసాస్థుల నడుమ దారి చిక్కక నిప్పువలె కాల్చునని చెప్పియున్నాడు. లోతునుండి చీము తీసికొనివచ్చు సన్నని పుండునకు ఆయన పెట్టిన పేరు నాడీవ్రణము. నా శిష్యుని కాలిపై నేను చూచినది అదియే.

కావున చీము ఉప్పుగూడలో కనబడినంతమాత్రమున వ్యాధి ఉప్పుగూడలో పుట్టినదనరాదు. విచారింపవలసినది గాయము ఎప్పుడు, ఏ పనిలో తగిలినదనుట.

సైనిక పింఛనునకు 2008 వరకు 1961 నాటి నిబంధనలుండెను. అందు 173వ నిబంధన ప్రకారము వైకల్యము సేవవలన కలిగినదైనను, సేవవలన పెరిగినదైనను కావలెను. అది నూటికి 20 పాళ్లకు తగ్గరాదు. ఈ రెండింటిలో ఒకటి నిరూపించిన చాలును. సెలవు విషయమున సుప్రీంకోర్టు తీర్పులు రెండు విధములుగా కనబడును. 1999లో మదన్‌సింగ్ షెఖావత్ వ్యాజ్యమున, క్యాజువల్ సెలవుపై ఇంటికి పోవుచు రైలు ప్రమాదమున చేయి పోగొట్టుకొన్నవానికి పింఛను దక్కినది. 2011లో జుఝార్‌సింగ్ వ్యాజ్యమున, వార్షికపు సెలవులో ఇంటివద్ద రోడ్డు ప్రమాదమునకు లోనైనవానికి, సేవతో సంబంధము లేదని దక్కలేదు. ఆ రెండును గాయమే సెలవులో తగిలిన సందర్భములు. విధిలో విరిగిన యెముకకు సెలవులో చీము పట్టుట వేరు విషయము. ఆ భేదమును మండలివారు చూడలేదని నా యభిప్రాయము.

నిరూపణభారము ఎవరిదను ప్రశ్నయు గలదు. 2013 జూలై 2వ తేదీన ధరమ్‌వీర్‌సింగ్ వ్యాజ్యములో సుప్రీంకోర్టు, చేరునాడు రోగమున్నట్లు వ్రాసియుండనిచో సిపాయి ఆరోగ్యవంతుడుగా చేరినట్లే భావింపవలెననియు, కాదనువారే హేతువు చూపవలెననియు చెప్పినది. అయితే 2023 సెప్టెంబరు 21 తరువాత సేవ విడిచినవారికి క్రొత్త నియమములు వచ్చినవి. పాత తీర్పు నమ్ముకొని కూర్చుండక, మొదట తమ విరమణతేదీని చూచుకొనవలెను. నా శిష్యుడు అంతకు చాల ముందే విరమించినవాడు.

ఇక కాగితముల మాట. గాయము తగిలినప్పుడు దళమువారు పూర్తిచేయు ఐ.ఎ.ఎఫ్.వై. 2006 అను పత్రము ప్రాణమువంటిది. అప్పుడు విధిలో నుండెనా లేదా యనునది అందే యుండును. తరువాత ఆసుపత్రి చీటీలు, ఎక్స్‌రేలు. చీము వచ్చినప్పుడు చికిత్స చేసినవారి చీటీ యుండవలెను. మనవారికి ఇచ్చటనే చిక్కు. మా శిష్యుడు మొదట బంధువుల మాటవిని పుత్తూరు కట్టునకై అంతదూరము పోయెను. విరిగిన యెముకకు వారి కట్టు ఎంత పేరుపొందినదైనను, చీమునకు అది మందు కాదు, ఆ కట్టునకు అతనియొద్ద కాగితమును లేదు. దానివలన ఒక యేటి చరిత్ర శూన్యమైనది. అట్టి లోటును పూరించుటకు ఎముకల వైద్యుని అభిప్రాయము వలయును. 'సంబంధము ఉండవచ్చును' అని వ్రాసిన చాలదు. విరిగిన చోటును చీము పట్టిన చోటును ఒకటియేనా, నడుమ మరియొక గాయము తగిలినదా, మధుమేహమువంటి వేరు హేతువున్నదా, ఉన్నను ఆ చోటనే చీమెందుకు పట్టినది, అని హేతువులతో వ్రాయవలెను. తర్కశాస్త్రము చదివినవానికి ఇది క్రొత్త గాదు. వ్యాప్తి చూపనిదే అనుమితి నిలువదు.

దక్కునది స్వల్పమని విడుచువారున్నారు. నా శిష్యునికి మండలివారు కట్టిన వైకల్యము 30 పాళ్లు. 2014 డిసెంబరు 10 నాటి రామ్ అవతార్ తీర్పు ననుసరించి, గడువు ముగించి విరమించినవారికిని 50కి లోపలి వైకల్యమును 50గా లెక్కింపవలెను. ఆలస్యమైనచో హక్కు పోదు గాని, 2008 నాటి తర్సేంసింగ్ తీర్పు ప్రకారము వెనుకటి బకాయి మూడేండ్లకే పరిమితమగును. పై అధికారులకు అప్పీలు చేయుట, అక్కడ కాకున్న సాయుధదళముల ట్రిబ్యునలునకు పోవుట, ఇది క్రమము.

అతని తల్లి ఇనుపపెట్టెలో, పాత రేషనుకార్డు క్రింద, లారీ ప్రమాదపు పత్రము నకలు దొరికినది. అక్షరములు వెలసియున్నవి గాని తేదీయు, 'విధిలో' అను మాటయు చదువనగును. ఇరువురమును కూర్చుండి అప్పీలు వ్రాసి పంపితిమి. జవాబింకను రాలేదు. గురువారమునాడు ఉస్మానియా ఆసుపత్రికి కట్టు మార్చుకొన బోవుచు మా యింట ఆగి, "టపా వచ్చినదా అయ్యవారూ?" అని అడిగిపోయెను, జాబు మా చిరునామాకే రావలసియున్నది.