మచిలీపట్నం తీరపు పాత నౌకా పటాలు

నౌకా పటం అనగా ఓడ నడిపేవారి కొరకు తీరరేఖను, సముద్రపు లోతులను, లంగరు వేయదగిన చోట్లను చూపే పటం. 17, 18 శతాబ్దాలలో ఐరోపా వర్తక కంపెనీలు తెలుగు తీరానికి ఇటువంటి పటాలను తయారు చేయించాయి.

నేపథ్యం

మచిలీపట్నం గోల్కొండ రాజ్యపు ప్రధాన రేవు. డచ్చివారు 1605లో, ఆంగ్లేయులు 1611లో ఇక్కడికి వచ్చారు. తీరం వద్ద లోతు తక్కువ కావడంతో పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసేవి. సరుకులను పడవలలో చేరవేసేవారు. కృష్ణా, గోదావరి నదులు తెచ్చే ఒండ్రు వలన ఇసుక తిన్నెలు మారుతూ ఉండేవి. లోతు తెలియని ఓడ ఇసుకలో చిక్కుకొనేది.

తయారీ

సీసపు గుండు కట్టిన తాడును నీటిలోకి వదలి లోతును కొలిచి, బారలలో (ఒక బార 6 అడుగులు) పటంపై వ్రాసేవారు. అక్షాంశాన్ని సూర్యుని ఎత్తును బట్టి లెక్కించేవారు. సముద్రంపై రేఖాంశాన్ని ఖచ్చితంగా తెలుసుకొనే వీలు 18వ శతాబ్దపు ద్వితీయార్ధం వరకు లేదు. అందువలన పాత పటాలలో తూర్పు పడమరల దూరాలు తరచుగా తప్పుగా ఉంటాయి.

డచ్చి కంపెనీ పటాలను ఆమ్‌స్టర్‌డామ్‌లో చేతితో గీయించేది. పోటీదారులకు చిక్కకుండా, ప్రయాణం ముగిశాక వాటిని నావికుల నుండి తిరిగి తీసుకొనేది.

తరువాతి సర్వేలు

ఆంగ్లేయుల ఈస్టిండియా కంపెనీ 1779లో అలెగ్జాండర్ డాల్రింపుల్‌ను నౌకా పటాల ప్రచురణకు నియమించింది. 1780వ దశకం నుండి కోరమాండల్ తీరాన్ని సర్వే చేసిన మైకేల్ టాపింగ్ 1796లో మచిలీపట్నంలోనే మరణించాడు.

పరిమితి

ఈ పటాలలో తీరం వివరంగానూ, లోనాడు దాదాపు ఖాళీగానూ ఉంటాయి. గోల్కొండ రాజ్యపు ఎగుమతులలో ఉక్కు ఒకటి. అయినా ఉక్కుకు పేరొందిన, భీమ్‌గల్ ప్రాంతపు కోనసముద్రం వంటి గ్రామాలతో నావికునికి పని లేదు. కనుక ఇవి రేవుల చరిత్రకు ఆధారమే గాని, సరుకు పుట్టిన ఊళ్ళ చరిత్రకు చాలవు.