భారం పంచుకునే చిన్న చంద్రులు

ఖమ్మం పక్కనున్న ఖానాపురం హవేలిలో డాబా ఎక్కి చూసినా, భద్రాచలం అడవి అంచు పల్లెల్లో ఆరుబయట మంచం వేసుకుని చూసినా శనిగ్రహం ఓ చిన్న చుక్కే. చిన్నపాటి టెలిస్కోపులో మాత్రం దాని వలయాలు, 1655లో హైగెన్స్ కనుగొన్న టైటాన్ అనే పెద్ద చంద్రుడు కనిపిస్తాయి. 2025 మార్చి నాటికి లెక్కకొచ్చిన శని చంద్రులు 274.

ఆ వలయాలు గట్టి పళ్లాలు కావు. కోటానుకోట్ల మంచుగడ్డలు ఒకదానికొకటి రాసుకుంటూ తిరుగుతుంటాయి. అడ్డుకునేవారు లేకుంటే మెల్లగా బయటికి చెదిరిపోతాయి. 'ఎ' అనే వెలుపలి వలయాన్ని జానస్ అనే ఒక్క చంద్రుడే ఆపుతున్నాడని చాలాకాలం అనుకున్నారు. కాసిని నౌక 2004 నుంచి శని చుట్టూ తిరిగి పంపిన వివరాలతో 2017లో అసలు సంగతి తేలింది. ఆ భారం జానస్ ఒక్కడిది కాదు. పాన్, అట్లాస్, ప్రొమీథియస్, పాండోరా, ఎపిమీథియస్, మిమాస్ కూడా మోస్తున్నాయి. పాన్ వెడల్పు సుమారు 28 కిలోమీటర్లే. ఖమ్మం నుంచి భద్రాచలం దారిలో నాలుగో వంతుకు మించదు. అయినా దాని వంతు అది మోస్తోంది. చివరి అంచు దగ్గర మాత్రమే జానస్ నిలబడ్డాడు.

మోషే కూడా ఉదయం నుంచి సాయంత్రం దాకా ఒంటరిగా ప్రజలకు తీర్పు తీరుస్తుంటే మామ యిత్రో చూశాడు. ఇలాగైతే నీవూ నలిగిపోతావు, ప్రజలూ నలిగిపోతారని హెచ్చరించి, నమ్మకమైనవారికి పని పంచమన్నాడు (నిర్గమ 18). మోషే విన్నాడు.

మన ప్రాంతానికి ఇది కొత్త పాఠం కాదు. 1912లో దోర్నకల్ బిషప్‌గా అభిషిక్తుడైన వేదనాయకం శామ్యూల్ అజరయ్య, సువార్త పని జీతం తీసుకునే సేవకులది మాత్రమే కాదని, బాప్తిస్మం పొందిన ప్రతి కూలీది, ప్రతి రైతుదీ అని నేర్పాడు. అక్షరం రాని విశ్వాసులు సైతం సాక్షులయ్యారు.

మరి నేడు? ప్రార్థన, పరామర్శ, తగవుల పరిష్కారం, చివరికి మందిరం ఊడ్చడం కూడా పాస్టరుగారి పనే అనుకునే సంఘాలెన్నో! కాపరి అలసి కూలిపోయాక కన్నీరు కార్చి ప్రయోజనమేమిటి? ఒకరి భారాలు ఒకరు మోయాలన్నది గలతీ సంఘమంతటికీ పౌలు రాసిన మాట. ఈ వారం ఒక రోగిని మీరు పలకరించండి. ఒక తరగతి సండేస్కూలు మీరు చెప్పండి. నక్షత్రాలను పేరుపేరునా పిలిచే దేవుడు చిన్నవారి సేవను లెక్కలోంచి తీసివేయడు.